కబేళాలో మొదలైన బైబులు బడి

ఏటా సెప్టెంబరు 30న పునీత జెరోము గారి పండుగ వస్తుంది. బేత్లెహేములో ఉంటూ పవిత్ర గ్రంథాన్ని లతీను భాషలోకి తర్జుమా చేసిన ఆ మహనీయుని గురించి మన విచారణలలో గురువులు చెబుతూనే ఉంటారు. ఆయన క్రీ.శ. 420లో కన్నుమూశారు. ఆ తరువాత 1470 ఏళ్లకు, బేత్లెహేముకు రెండు గంటల నడక దూరంలో, యెరూషలేము కోటగోడ బయట మరొక గురువు అదే పనికి కూర్చున్నారు. ఆయన దొమినికన్ సభకు చెందిన ఫాదర్ మరీ జోసెఫ్ లగ్రాంజ్.

సెమినరీలో బైబులు చదువుకున్న ప్రతి గురువుకూ ఆ పేరు తెలుసు. కుటుంబాలలో అంతగా వినిపించదు. అయినా ఆయనకు మనం రుణపడే ఉన్నాం. మన దేశంలో ఇంగ్లీషు పూజకు వెళ్లేవారు 2020 వరకు దశాబ్దాల తరబడి విన్న పఠనాలు జెరూసలేం బైబులులోనివి. ఆ బైబులుకు ఆ పేరు రావడానికి కారణం లగ్రాంజ్ గారు యెరూషలేములో పెట్టిన బడే. ఆ బడిని నిలబెట్టడానికి ఆయన పడిన పాట్లు తెలుసుకోదగినవి. ఎందుకంటే ఆయనకు దెబ్బలు తగిలింది అన్యుల చేతిలో కాదు, సొంత ఇంటిలోనే.

ఆయన 1855 మార్చి 7న ఫ్రాన్సు దేశంలోని బూర్గ్-ఆన్-బ్రెస్ అనే పట్టణంలో పుట్టారు. ఆ రోజుల్లో మార్చి 7 పునీత తోమాసు అక్వినాసు గారి పండుగ. దొమినికన్ సభ గర్వించే వేదశాస్త్ర పండితుని పండుగనాడు పుట్టిన బిడ్డ అదే సభలో చేరడం దేవుని ఏర్పాటని తరువాత చాలామంది అన్నారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు అల్బేర్. తండ్రి నోటరీ. వీలునామాలు, అమ్మకపు పత్రాలు, పెండ్లి ఒప్పందాలు రాసి భద్రపరచే ఉద్యోగం. పిల్లవాడికి మూడేళ్లప్పుడు ఆరోగ్యం బాగాలేకపోతే ఆర్స్ గ్రామానికి తీసుకువెళ్లి అక్కడి విచారణ గురువు చేత దీవెన ఇప్పించారు. ఆ విచారణ గురువే మనం పునీతునిగా గౌరవించే జాన్ మరియ వియాన్నీ గారు.

చదువులో చురుకైన ఈ అబ్బాయి తండ్రి దారిలోనే న్యాయశాస్త్రం చదివాడు. పారిస్‌లో 1878లో డాక్టరు పట్టా తీసుకున్నాడు. ఈ చదువు వృథా పోలేదు. పత్రం చేతికి రాగానే ఇది ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరికోసం రాశారు, ఇది ఒప్పందమా, ఉత్తరమా, వీలునామానా అని చూడడం న్యాయవాదికి మొదటి పాఠం. ఆ అలవాటును ఆయన బైబులు దగ్గరకు తెచ్చారు. ఆయనకు పేరు తెచ్చిందీ, కష్టాలు తెచ్చిందీ ఈ అలవాటే.

వకీలు కాబోయినవాడు అదే సంవత్సరం పారిస్ దగ్గరి ఇస్సీ సెమినరీలో చేరాడు. అక్కడ పియేర్ బతిఫోల్, ఆన్రీ ఇవెర్నా అనే ఇద్దరు స్నేహితులు దొరికారు. ఇవెర్నా గారు తరువాత అమెరికాలోని వాషింగ్టను కథోలిక విశ్వవిద్యాలయంలో తూర్పు దేశాల భాషలు బోధించారు. బతిఫోల్ గారు తూలూజ్ నగరంలోని కథోలిక విద్యాపీఠానికి అధిపతి అయ్యారు. లగ్రాంజ్ మాత్రం మరుసటి ఏడాది, 1879లో, సెయింట్ మాక్సిమిన్ అనే ఊరిలోని దొమినికన్ మఠంలో చేరి మరీ జోసెఫ్ అనే పేరు తీసుకున్నారు. మగ్దల మరియమ్మ గారి సమాధి ఉందని జనం తరతరాలుగా నమ్మే ఊరు అది.

ఏడాది తిరగకుండానే ఫ్రాన్సు ప్రభుత్వం మఠవాసులను మఠాల నుండి వెళ్లగొట్టింది. దొమినికన్ యువకులు స్పెయిను దేశంలోని సలమాంకాలో తలదాచుకున్నారు. లగ్రాంజ్ గారు హెబ్రీ భాషను పట్టుదలగా నేర్చుకున్నది ఆ ప్రవాసంలోనే. 1883 డిసెంబరులో జమోరా పట్టణంలో గురుత్వాభిషేకం పొందారు. తిరిగి వచ్చి కొన్నాళ్లు తూలూజ్‌లో పాఠాలు చెప్పాక, 1888లో పెద్దలు ఆయనను వియన్నా విశ్వవిద్యాలయానికి పంపారు. ఈజిప్టు రాతలు, అస్సీరియా మేకు రాతలు, అరబ్బీ, యూదు రబ్బీల హెబ్రీ అన్నీ అక్కడే మొదలుపెట్టారు. ముప్పై మూడేళ్ల వయసులో మళ్లీ విద్యార్థి బల్లమీద కూర్చున్నారన్నమాట.

అప్పటి పరిస్థితి కొంచెం చెప్పుకోవాలి. ఆ శతాబ్దంలో ఈజిప్టు, బాబిలోనియా దేశాల పాత రాతలను చదవడం పండితులకు చేతనయింది. జలప్రళయం వంటి కథలు బాబిలోను మట్టి పలకల మీద కూడా కనిపించాయి. జర్మనీలోని ప్రొటెస్టంటు ఆచార్యులు మోషే పంచకాండాలను పరిశీలించి, అవి ఒకే చేతితో ఒకే కాలంలో రాసినవి కావని, వేరువేరు కాలాల రచనలను కూర్చి చేసినవని వాదిస్తున్నారు. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగల చదువు ఆనాటి కథోలిక సెమినరీలలో చాలాచోట్ల లేదు. చదువుకున్న కథోలిక యువకులు విశ్వవిద్యాలయంలో ఒక మాట, గుడిలో ఒక మాట విని తికమకపడేవారు. కొందరు విశ్వాసాన్ని వదులుకున్నారు. ఇది పండితుల గొడవ మాత్రమే కాదు, కుటుంబాల గొడవ కూడా. కాలేజీకి వెళ్లిన కొడుకు ఇంటికొచ్చి, లోకం ఆరు రోజుల్లోనే తయారైందా నాన్నా అని అడిగితే తండ్రి ఏమి చెప్పాలి?

1889 ఫిబ్రవరిలో లగ్రాంజ్ గారికి ఉత్తరం వచ్చింది. యెరూషలేములో బైబులు పాఠశాల ఒకటి పెట్టాలి, నువ్వు వెళ్లాలి అన్నది దాని సారాంశం. ఆయన కోరుకున్న చోటు కాదు, పంపితే వెళ్లిన చోటు. 1890 మార్చి 10న యెరూషలేము చేరారు. దమస్కు ద్వారం బయట, తొలి వేదసాక్షి పునీత స్తెఫాను గారిని రాళ్లతో కొట్టి చంపిన చోటని పూర్వులు గుర్తుంచుకున్న స్థలంలో, అయిదవ శతాబ్దంలో యూదోక్సియా మహారాణి గొప్ప దేవాలయం కట్టించింది. అది ఎప్పుడో నేలమట్టమైంది. ఆ స్థలాన్ని మత్యూ లెకోంత్ అనే దొమినికన్ గురువు కొన్ని సంవత్సరాల ముందే కొని ఉంచారు. అక్కడ ఉన్న కట్టడం పట్టణపు పాత కబేళా. పశువులను కట్టే ఇనుప కడియాలు గోడలకు ఇంకా అలాగే ఉన్నాయి.

1890 నవంబరు 15న ఆ కబేళాలోనే బడి తెరిచారు. ఉన్న ఆస్తి ఒక మేజాబల్ల, ఒక నల్లబల్ల, ఒక పటం. పుస్తకాలు లేవు, డబ్బు లేదు, విద్యార్థులు వేళ్లమీద లెక్కపెట్టగలిగినంత మంది. ఇప్పుడు ఆ బడి గ్రంథాలయం బైబులు అధ్యయనానికి ప్రపంచంలోని మేలైన గ్రంథాలయాలలో ఒకటి.

ఆ బడికి ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే, పుస్తకంలో చదివినది గడప దాటితే కనిపిస్తుంది. లగ్రాంజ్ గారు పాఠాన్ని రెండు భాగాలు చేశారు. తరగతిలో హెబ్రీ, అరమాయికు, అరబ్బీ, అస్సీరియా భాషలు, పాత శాసనాలు చదవడం. తరువాత గుర్రాల మీదా ఒంటెల మీదా ప్రయాణం కట్టి, గుడారాలలో పడుకుంటూ, బైబులులో చెప్పిన బావులు, కొండలు, దారులు వెతకడం. ఏ పట్టణానికి ఏ పట్టణం ఎంత దూరమో, ఏ వాగు ఏ నెలలో ఎండుతుందో కాలితో నడిచి తెలుసుకోవాలి. 1891లో చేరిన విన్సెంట్ అనే కుర్రవాడు, ఆ వెనుక వచ్చిన అబెల్, జోసెన్, సవిన్యాక్ వంటి యువకులు ఇలా తిరిగి తిరిగి ఆయా విద్యలలో మహాపండితులయ్యారు. పై చదువులకు వేరేచోటి నుండి ఆచార్యులను తెచ్చుకోకుండా తన శిష్యులనే ఒక్కొక్కరిని ఒక్కొక్క విద్యలో తీర్చిదిద్దుకున్నారాయన. వ్యవసాయదారుడు తన విత్తనం తానే దాచుకున్నట్టు.

1892లో బైబులు పరిశోధనకు ఫ్రెంచి భాషలో ఒక త్రైమాసిక పత్రికను ప్రారంభించారు. అది నేటికీ వస్తోంది. 1893లో సీనాయి ఎడారికి యాత్ర చేశారు. ఈ యాత్ర ఆయన జీవితంలో పెద్ద మలుపు. ఎడారిలో నడుస్తుంటే నిర్గమకాండములో చెప్పిన దారులు, మజిలీలు, నీటి బుగ్గలు చక్కగా సరిపోతున్నాయి. రాసినవారికి ఆ నేల తెలుసు. సందేహం లేదు. అయితే స్త్రీలను, పిల్లలను లెక్కించక పురుషులే ఆరు లక్షలమంది నడిచారని నిర్గమకాండము 12వ అధ్యాయం చెబుతుంది. కుటుంబాలతో కలిపితే ఇరవై లక్షలకు తక్కువ కాదు. ఆ ఇరుకు లోయలలో, ఆ చిన్న బుగ్గల దగ్గర అంతమంది, వారి మందలు ఎలా నిలుస్తాయి? ఇంటిలో కూర్చుని చదివేవాడికి రాని ప్రశ్న ఇది. గ్రంథం అబద్ధం చెప్పదు. కళ్లు చూసినదీ అబద్ధం కాదు. కాబట్టి ఆ గ్రంథం ఏ విధమైన రచనో, ఆ కాలపు మనుషులు చరిత్రను ఏ తీరున చెప్పుకునేవారో మనం సరిగా తెలుసుకోలేదన్నమాట. ఆయన ఆలోచన అటు నడిచింది.

అదే సంవత్సరం నవంబరు 18న జగద్గురువులు పదమూడవ లియో గారు బైబులు అధ్యయనం గురించి విశ్వలేఖ రాశారు. తూర్పు భాషలు నేర్చుకోండి, పండితుల ప్రశ్నలను పండితుల పద్ధతిలోనే ఎదుర్కోండి అని ప్రోత్సహించారు. బైబులు రచయితలు ప్రకృతిని గురించి చెప్పినప్పుడు కంటికి కనిపించిన తీరునే చెప్పారని కూడా అందులో ఉంది. ఇది మనకు సులువుగా అర్థమవుతుంది. భూమి తిరుగుతుందని బడిలో చదువుకున్నవాళ్లమే అయినా పొద్దు పొడిచింది, పొద్దు కుంకింది అనే అంటాం. అందులో అబద్ధం లేదు. లగ్రాంజ్ గారు ఈ సూత్రాన్ని చరిత్ర విషయాలకు కూడా జాగ్రత్తగా వర్తింపజేయాలని చూశారు.

1897లో స్విట్జర్లాండులోని ఫ్రిబూర్గ్‌లో కథోలిక పండితుల మహాసభ జరిగింది. ఫ్రిబూర్గ్ విశ్వవిద్యాలయంలో వేదశాస్త్ర విభాగం దొమినికన్లదే. ఆ సభలో లగ్రాంజ్ గారు పంచకాండాల మూలాల గురించి ప్రసంగించారు. ద్వితీయోపదేశకాండము చివరి అధ్యాయంలో మోషే మరణమూ, ఆయనను పాతిపెట్టడమూ ఉన్నాయి. ఆదికాండములో సృష్టి వృత్తాంతం మొదటి అధ్యాయంలో ఒక తీరుగా, రెండవ అధ్యాయంలో మరొక తీరుగా ఉంది. కాబట్టి మోషే నుండి వచ్చిన సంప్రదాయాలను తరువాతివారు కూర్చి, పెంచి, ఇప్పటి రూపానికి తెచ్చారని కథోలికుడు ఒప్పుకోవచ్చు, పవిత్రాత్మ ప్రేరణ మోషే ఒక్కరితోనే ఆగిపోవాలన్న నియమం లేదు అన్నది ఆయన వాదం. ఆ ప్రసంగం మరుసటి సంవత్సరం ఆయన పత్రికలో అచ్చయింది. అభినందనలు వచ్చాయి, వాటితోపాటు రోముకు ఫిర్యాదులూ వెళ్లాయి.

ఇక తూలూజ్ ప్రసంగాలు. ఫ్రాన్సులో 1875లో చట్టం వీలు కల్పించాక కథోలికులు అయిదు నగరాలలో సొంతంగా ఉన్నత విద్యాపీఠాలు పెట్టుకున్నారు. విశ్వవిద్యాలయం అనే పేరు పెట్టుకోనివ్వకుండా ప్రభుత్వం 1880లో అడ్డుపడింది గనుక వాటిని కథోలిక సంస్థలని పిలిచారు. పని మాత్రం విశ్వవిద్యాలయాల పనే. తూలూజ్‌లోని అలాంటి సంస్థకు పాత స్నేహితుడు బతిఫోల్ గారు అధిపతి. ఆయన ఆహ్వానం మీద 1902 నవంబరులో లగ్రాంజ్ గారు అక్కడ ఆరు ప్రసంగాలు చేశారు. మరుసటి ఏడాది అవి చారిత్రక పద్ధతి అన్న అర్థం వచ్చే పేరుతో పుస్తకంగా వచ్చాయి.

ఆ పుస్తకంలోని విషయాన్ని మన మాటల్లో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. పొలం దస్తావేజు చదివినట్టు కీర్తన చదవం. బుర్రకథ విన్నట్టు కోర్టు తీర్పు వినం. బైబులు ఒక పుస్తకం కాదు, పుస్తకాల పెట్టె. అందులో చట్టముంది, పాట ఉంది, సామెత ఉంది, వంశావళి ఉంది, ఉపమానముంది, చరిత్ర ఉంది. దేవుడు మనిషి చేత రాయించినప్పుడు ఆ మనిషి తెలివినీ, భాషనూ, కాలాన్నీ కొట్టివేయలేదు, వాటినే వాడుకున్నాడు. కనుక రచయిత ఏ ఉద్దేశంతో రాశాడో తెలుసుకోవడం భక్తికి లోపం కాదు. దేవుడు ఏమి చెప్పదలచాడో తెలుసుకోవడానికి అది మొదటి మెట్టు. ఈనాడు మన సెమినరీలలో మొదటి ఏడు విద్యార్థికి చెప్పే పాఠం ఇదే. ఆనాడు ఈ మాట అనడానికి గుండె ధైర్యం కావాలి.

రోములో భయపడినవారికి కారణం లేకపోలేదు. న్యాయంగా ఆ మాటా చెప్పుకోవాలి. పారిస్ కథోలిక సంస్థలో బైబులు బోధించి 1893లో ఉద్యోగం పోగొట్టుకున్న అల్ఫ్రెద్ లువాజీ అనే గురువు, 1902లో ఒక పుస్తకం రాసి పెద్ద అలజడి రేపారు. క్రమంగా ఆయన విశ్వాస సత్యాలకే దూరమై 1908లో శ్రీసభ నుండి వెలివేయబడ్డారు. నిజానికి లువాజీ వాదాలను పండితుని పద్ధతిలో గట్టిగా ఖండించినవారిలో లగ్రాంజ్ గారు ఒకరు. కానీ ఇల్లు అంటుకున్నప్పుడు నీళ్లు పోసేవాడెవడో, నిప్పు పెట్టేవాడెవడో పొగలో కనిపించదు. ఇద్దరి చేతిలోనూ ఒకే రకం పుస్తకాలున్నాయి కదా, ఇద్దరూ ఒకటేనని చాలామంది అనుకున్నారు.

పదమూడవ లియో గారికి లగ్రాంజ్ గారిమీద నమ్మకం ఉండేది. 1902లో తాము ఏర్పాటు చేసిన బైబులు కమిషనుకు ఆయనను సలహాదారుగా తీసుకున్నారు. 1903 జూలైలో లియో గారు మరణించారు. తరువాత గాలి మారింది. యేసు సభ పండితుడొకరు 1904లో లగ్రాంజ్ గారిని విమర్శిస్తూ పుస్తకం ప్రకటించారు. దానికి ఆయన రాసిన జవాబును బహిరంగంగా అమ్మడానికి అనుమతి రాలేదు. ఎంతో శ్రమపడి రాసిన ఆదికాండము వ్యాఖ్యానానికీ అనుమతి రాలేదు. అది ఆయన బతికుండగా వెలుగు చూడలేదు. 1906లో బైబులు కమిషను పంచకాండాలకు మోషేయే కర్త అన్న సంప్రదాయాన్ని వదలరాదని తీర్పు చెప్పింది. 1907లో జగద్గురువులు పదవ పయసు గారు నవీనవాదాన్ని ఖండిస్తూ విశ్వలేఖ రాశారు. 1909లో రోములో పొంటిఫికల్ బైబులు విద్యాలయాన్ని స్థాపించి యేసు సభకు అప్పగించారు. యెరూషలేము బడికి ఇక పనేముందని అనుకున్నవారూ ఉన్నారు.

దెబ్బ ఆయన ఒక్కరికే తగల్లేదు. బతిఫోల్ గారి పుస్తకం ఒకటి నిషేధ గ్రంథాల పట్టికలో చేరింది, తూలూజ్‌లో పదవి వదులుకోవలసి వచ్చింది. వాషింగ్టను కథోలిక విశ్వవిద్యాలయంలో పూర్వవేదం బోధించే హెన్రీ పూల్స్ అనే డచ్చి గురువు, పంచకాండాల కర్తృత్వం గురించి తన మనస్సాక్షికి సమ్మతం కాని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టలేక 1910లో ఉద్యోగం కోల్పోయారు. స్వదేశం వెళ్లి గని కార్మికుల మధ్య సేవ చేసి అక్కడ గొప్ప పేరు పొందారు. శ్రీసభలో బైబులు ఆచార్యుని కుర్చీ ఆ పది పన్నెండేళ్లూ ముళ్లకుర్చీ.

1912 జూన్ 29న అసలు పిడుగు పడింది. రోములోని ఒక కార్యాలయం, సెమినరీలలో వాడకూడని పుస్తకాలను గురించి ఉత్తరువు ఇస్తూ, లగ్రాంజ్ గారి రచనలు పలు అని కలిపి చెప్పింది. ఏ పుస్తకం, ఏ పుటలో, ఏ తప్పు అన్న వివరం లేదు. తప్పు చూపించితే దిద్దుకోవచ్చు, చూపించనప్పుడు ఏమి చేయాలి? యాభై ఏడేళ్ల మనిషి, ఇరవై రెండేళ్లు కబేళా నుండి కట్టుకొచ్చిన బడి.

ఆయన చేసిన పని ఏమిటంటే, పదవ పయసు గారికి తన విధేయతను తెలుపుతూ లేఖ రాసి, పెద్దల మాట ప్రకారం సెప్టెంబరులో యెరూషలేము విడిచి ఫ్రాన్సుకు వెళ్లిపోయారు. పత్రికలలో వివాదానికి దిగలేదు. తన పక్షాన మాట్లాడే గుంపును కూడగట్టలేదు. అలాగని తాను నిజమని తెలుసుకున్నది అబద్ధమని ఒప్పుకోనూ లేదు. ఈ రెండూ కలిసి ఒకే మనిషిలో ఉండడం కష్టం. కొందరు దీన్ని పిరికితనమన్నారు. నాకు అలా కనిపించదు. కోపంతో తలుపు తన్ని వెళ్లినవాడు ఆ ఇంటిని మళ్లీ బాగుచేయలేడు. ఆయన రోజూ జపమాల చెప్పుకునే మనిషి, పనిని ముందే మరియమాత చేతిలో పెట్టినవారు. లోపల ఎంత నలిగారో ఆయన రాసుకున్న జ్ఞాపకాలలో కనిపిస్తుంది.

ఆ రోజుల్లో దొమినికన్ సభకు ప్రధాన శ్రేష్ఠులు హ్యాసింత్ కొర్మియే గారు. 1994లో రెండవ జాన్ పౌలు గారు ఆయనను ధన్యులుగా ప్రకటించారు. ఒకవైపు రోము ఆజ్ఞ, మరోవైపు తన బిడ్డ మీద నమ్మకం. ఆ ఇద్దరి మధ్య నడిచిన కొర్మియే గారి ఓర్పు లేకపోతే ఆ బడి మూతపడేదే. ఒక విశేషం గమనించండి. ఆజ్ఞ ఇచ్చిన కాలపు జగద్గురువులు పదవ పయసు గారు పునీతులయ్యారు, మధ్యవర్తి ధన్యులయ్యారు, దెబ్బతిన్నవారు దైవసేవకులు. పవిత్రులందరూ అన్ని విషయాలలో ఏకాభిప్రాయంతో ఉంటారని మనం అనుకోనక్కరలేదు.

ఏడాది తిరగకముందే, 1913లో, తిరిగి వెళ్లడానికి అనుమతి వచ్చింది. కానీ పూర్వవేదం జోలికి పోవడానికి ఇక వీలులేదు. మూడు పదులు దాటి నేర్చుకున్న అస్సీరియా రాతలు, సీనాయి ప్రశ్నలు, ఆదికాండము అన్నీ పక్కన పెట్టవలసిందే. ఆయన నూత్నవేదం వైపు తిరిగారు. మార్కు సువార్తపై వ్యాఖ్యానం 1911లోనే వచ్చింది. 1914లో యుద్ధం రాగానే ఫ్రెంచివారంతా తుర్కీ రాజ్యం విడిచి పోవలసి వచ్చింది. పారిస్‌లోనే కూర్చుని రోమీయులకు, గలతీయులకు రాసిన లేఖలపై గ్రంథాలు రాశారు. 1918లో యుద్ధం ముగియగానే యెరూషలేము చేరి లూకా, మత్తయి, యోహాను సువార్తలపై 1921, 1923, 1925లలో వరుసగా పెద్ద వ్యాఖ్యానాలు వెలువరించారు. ఒక్కొక్కటీ వందల పుటలు. గ్రీకు మూలాన్ని మాటమాటగా విప్పి చెప్పినవి. ఈలోగా 1920లో ఫ్రాన్సు విద్వత్ పరిషత్తు ఆ బడిని పురావస్తు పరిశోధన సంస్థగా గుర్తించింది. సొంత ఇంటిలో అనుమానించిన బడిని, మతాన్ని పట్టించుకోని ప్రభుత్వ పండితులు గౌరవించారు.

1928లో సువార్తలు నాలుగింటినీ కలిపి ప్రభువు జీవితాన్ని మామూలు విశ్వాసులు చదువుకునేలా ఒక పుస్తకం రాశారు. పండితులకు రాసిన వేల పుటలకన్నా ఇదే ఎక్కువ ఇళ్లకు చేరింది. యేసు జీవిత చరిత్ర రాయడానికి సువార్తలే చాలునని, వాటిని బాగా అర్థం చేసుకుంటే వేరే కథలు అల్లనక్కరలేదని ఆయన అభిప్రాయం.

ఎనభై ఏళ్ల వయసులో, 1935లో, ఆరోగ్యం సరిపడక ఫ్రాన్సుకు తిరిగి వచ్చారు. తాను నవశిష్యునిగా చేరిన సెయింట్ మాక్సిమిన్ మఠంలోనే మకాం. అక్కడ మళ్లీ పంచకాండాలు, మోషే విషయం తీశారు. ముప్పై ఏళ్లు మూసి ఉంచిన పెట్టెను మెల్లగా తెరిచినట్టు, ఆ విషయం మీద ఒక వ్యాసం రాసి తన పత్రికకు పంపారు. అది అచ్చై వచ్చేనాటికి ఆయన లేరు. 1938 మార్చి 10న కన్నుమూశారు. యెరూషలేములో అడుగుపెట్టిన రోజుకు సరిగ్గా 48 ఏళ్లు.

తరువాత జరిగింది ఆయన చూడలేదు. అదే 1938లో బైబులు కమిషనుకు అధ్యక్షులైన కార్డినల్ తిస్సరాన్ గారు యువకునిగా యెరూషలేము బడిలో చదువుకున్నవారు. మరుసటి ఏడాది కమిషను కార్యదర్శి అయిన ఫాదర్ వోస్తే గారు లగ్రాంజ్ గారి శిష్యులు. 1943లో, సరిగ్గా సెప్టెంబరు 30న, పునీత జెరోము గారి పండుగనాడు, జగద్గురువులు పన్నెండవ పయసు గారు కొత్త విశ్వలేఖ ఇచ్చారు. మూలభాషలు నేర్చుకోవాలి, పవిత్ర రచయిత ఏ సాహిత్య రూపంలో రాశాడో పరిశీలించాలి, ఆ కాలపు తీరు తెలుసుకోవాలి అని అందులో స్పష్టంగా ఉంది. తూలూజ్ ప్రసంగాలు చదివినవారికి ఇది కొత్తగా తోచదు. పంచకాండాల గురించి కూడా 1948లో కమిషను పారిస్ కార్డినల్‌కు రాసిన లేఖలో తలుపు తీసింది. 1965 నవంబరు 18న ద్వితీయ వాటికన్ మహాసభ దైవవాక్కు గురించిన తన పత్రంలో ఈ పద్ధతిని శ్రీసభ సొంత పద్ధతిగా చేసుకుంది. పూల్స్ గారు ఉద్యోగం పోగొట్టుకున్న విషయాన్ని నేడు కథోలిక విశ్వవిద్యాలయాలలో నిర్భయంగా బోధిస్తారు.

యెరూషలేము బడి పెద్దలు, రోలాన్ ద వో గారు మొదలైనవారు, ఫ్రెంచి భాషలో బైబులు కొత్త అనువాదం చేపట్టి 1948 నుండి భాగాలుగా, 1956లో ఒకే సంపుటంగా తెచ్చారు. దానినుండే 1966లో ఇంగ్లీషు జెరూసలేం బైబులు పుట్టింది. ప్రతి పుస్తకానికీ ముందు ఎవరు, ఎప్పుడు, ఎందుకు రాశారో చెప్పే పీఠిక, పుట అడుగున వివరణలు. నోటరీ కొడుకు అడిగిన ప్రశ్నలే అవి.

ఆయన సొంత ఆదికాండము వ్యాఖ్యానం మాత్రం ఆనాడు వచ్చి ఉంటే ఎన్ని ఇళ్లలో ఎన్ని వాదులాటలు తప్పేవో లెక్కకట్టలేం. నలభై ఏళ్లు ఆలస్యమైంది. ఆ నలభై ఏళ్లలో చదువుకున్నవారు కొందరు, గుడికీ బుద్ధికీ పొత్తు కుదరదనుకుని వెళ్లిపోయారు. వారు తిరిగి రాలేదు.

లగ్రాంజ్ గారి పునీత పట్టా విచారణ 1980ల చివర ఫ్రాన్సులోని ఫ్రెజూస్-తూలోన్ మేత్రాసనంలో మొదలైంది. అంతకుముందే, 1967లో, ఆయన రాసుకున్న జ్ఞాపకాలు అచ్చయ్యాయి. అదే సంవత్సరం ఆయన అస్థికలను సెయింట్ మాక్సిమిన్ నుండి యెరూషలేముకు తెచ్చి, పునీత స్తెఫాను దేవాలయంలో, మఠవాసులు రోజూ కీర్తనలు చదివే చోట నేలలో ఉంచారు.